అద్దాల బాబాయి సణుగుడు

సణగడం కూడా ఒక విద్యేనంటే నవ్వేవాళ్ళు చాలామంది ఉంటారు. నవ్వనీండి. వాళ్ళెవరూ అద్దాల బాబాయి కొట్లో అడుగుపెట్టి ఉండరు.

కొట్టు ఇరుకుది. నిలువెత్తు గాజు పలకలు రెండు వైపులా గోడలకి చేరగిలబడి ఉంటాయి. లోపలికి వచ్చినవాడు ఎంతటివాడైనా సరే, పక్కకి తిరిగి, పొట్ట లోపలికి లాక్కుని, తప్పు చేసినవాడిలా నడిచి రావాల్సిందే. మధ్యలో పాత కంబళి పరిచిన పెద్ద బల్ల. అది బాబాయి రాజ్యం. దాని వెనక చెక్కతో కట్టిన అడ్డుగోడ. గోడ అవతల పిన్ని రాజ్యం. బాబాయి అద్దం కోస్తాడు, పిన్ని దానికి ఫ్రేము బిగించి, వెనక అట్ట వేసి, మేకులు కొడుతుంది. వీధిలో అందరికీ ఆవిడ ఫ్రేముల పిన్నే, ఆవిడకంటే పెద్దవాళ్ళకి కూడా.

బాబాయిది ముక్కు మీద కోపమని కొత్తవాళ్ళు అనుకునేవాళ్ళు. కోపమైతే వస్తుంది, పోతుంది. ఇది అలా కాదు. పొద్దున కొట్టు తాళం తీసినప్పుడు మొదలై, సాయంత్రం తాళం వేసేదాకా సన్నగా కారుతూనే ఉండే కుళాయి.

“కొలత తాడుతో తెచ్చారా? తాడు సాగుతుందండీ! మీరు ఇంటి దగ్గర బిగలాగి పట్టుకుంటారు, ఇక్కడ నేను వదులుగా పట్టుకుంటాను, మధ్యలో ఆ కిటికీ ఏం పాపం చేసింది? రేపు గాజు పట్టలేదంటే మళ్ళీ నా మొహం మీదే పడతారు...”

ఇలా అంటూనే కటరుని కిరసనాయిలు డబ్బాలో ముంచి, పలక మీద స్కేలు ఆనించి, జుర్రున ఒక్క లాగు లాగేవాడు. గీతని బల్ల అంచు దాకా జరిపి అరచేత్తో ఒక నొక్కు. టక్‌. అడిగినంతకి వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. తిట్లు తిన్నవాడు గాజు చంకలో పెట్టుకుని నవ్వుకుంటూ వెళ్ళేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు గానీ, బాబాయి విషయంలో చెయ్యి మంచిదైనందుకే ఊరు మంచిదైంది.

పిన్ని బాధ వేరు. ఊళ్ళోవాళ్ళు వచ్చి, వినేసి, పోతారు. ఆవిడ ఇంట్లోనూ వినాలి, కొట్లోనూ వినాలి. కూరలో ఉప్పు, చెప్పుల దుమ్ము, తలుపు కిర్రుమనడం, తలుపుకి నూనె పోస్తే నూనె మరక. మేకులు కొట్టేచోట ఆవిడ ఒక చిన్న రేడియో పెట్టుకుంది. రోజూ మధ్యాహ్నం అందులో ఒక సీరియల్‌ నాటకం వచ్చేది. ఏళ్ళ తరబడి వింటోందన్న మాటే గానీ, ఒక్క భాగమైనా పూర్తిగా విన్న పాపాన పోలేదు. సరిగ్గా కథానాయిక ఏడుపు ఆపి ఏదో రహస్యం చెప్పబోతుంటే, గోడ అవతల నుంచి “ఏమే, టేపెక్కడ తగలేశావ్‌?” అని వినబడేది. టేపు ఆయన మెడలోనే వేలాడుతూ ఉండేది.

“దేవుడా, ఈ మనిషికి ఒక్క పూట నోరు పడిపోతే బాగుండు” అని పిన్ని ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. కోరుకునేటప్పుడు కాస్త చూసుకుని కోరుకోమని పెద్దవాళ్ళు ఊరికే చెప్పరు.

ఒకరోజు పక్క వీధి టీచరమ్మ వచ్చింది. ఉద్యోగం మానేసి చాలాకాలమైనా ఆవిడకి ఆ పేరు పోలేదు. దుప్పట్లో పసిబిడ్డలా చుట్టుకొచ్చిన నిలువుటద్దాన్ని బల్ల మీద పెట్టింది.

“కింద అంతా మచ్చలు పడ్డాయండీ. ఆ మేరకి కోసేసి కొత్త ఫ్రేము వేసివ్వండి. మా అమ్మ రోజూ దీని ముందే జడేసుకునేది. నాకూ ఇక్కడే వేసేది.”

బాబాయి మామూలుగానే అందుకున్నాడు. “తడిగోడకి తగిలించారు కదూ? ఆఁ, చూస్తేనే తెలుస్తోంది. వెనక చెమ్మ తగిలితే పూత నల్లబడక ఏం చేస్తుంది? మీ అమ్మగారు అంత కాలం కళ్ళలో పెట్టుకుని చూసుకున్నది, మీరు తీసుకెళ్ళి గోడ పాలు చేస్తారా...” అంటూ లాగాడు. గీత బాగానే పడింది. నొక్కాడు. టక్‌ మనాల్సింది, చిర్రుమంది. కింద మొదలైన పగులు వంకరటింకరగా పైదాకా పాకిపోయింది. పాత గాజు అంతే, లోపల ఎక్కడ బిగిసి ఉంటుందో దేవుడికి కూడా తెలీదు. ఆ సంగతి బాబాయికి తెలుసు. కానీ తెలిసి ఏం లాభం?

టీచరమ్మ నాలుగు కేకలు వేసినా సరిపోయేది. ఆవిడ “పరవాలేదండీ” అంది. ముక్కలన్నీ జాగ్రత్తగా ఏరి, దుప్పట్లో మూటకట్టుకుని, వెళ్తూ వెళ్తూ కాస్త నవ్వింది కూడా.

ఆ “పరవాలేదండీ” బాబాయి గుండెల్లో గాజుపెంకులా దిగింది.

“తల్లి గుర్తని తెచ్చుకున్న ఆవిణ్ణి తిడుతూ తిడుతూ పగలగొట్టానే! ఇదంతా నా నోటి దరిద్రం,” అన్నాడు ఆ సాయంత్రం పిన్నితో. మర్నాటి నుంచి బల్ల దగ్గర నోరు విప్పితే ఒట్టు. రెండు మూడు వారాలు తిరిగేసరికి ఆ మౌనం బల్ల దిగి ఇంటికి కూడా వచ్చింది.

నోరైతే ఆగింది గానీ, చెయ్యి వణకడం మొదలుపెట్టింది.

బల్ల ముందు నిలబడితే చాలు, గుండె దడదడ. అరచేతుల్లో చెమట. ఊపిరి బిగబట్టి, కళ్ళు ఇంతింత చేసుకుని, పాము పడగ మీద చెయ్యి పెట్టినట్టు భయంభయంగా కటరు ఆనించేవాడు. జుర్రుమని పోవాల్సిన గీతకి నత్తి వచ్చేది. నొక్కితే గాజు ఒకచోట విరగమంటే ఇంకోచోట విరిగేది. పెంకుల డబ్బా నిండుతోంది, గోడకున్న పలకలు తరుగుతున్నాయి. గుమ్మంలో ఎవరైనా పాత అద్దం పట్టుకుని కనబడితే బాబాయి లోపలికి పోయి దాక్కునేవాడు. “ఆయన లేరండీ” అని పిన్ని అబద్ధం చెప్పాల్సి వచ్చేది, కాళ్ళ దగ్గర ఆయన మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుని ఉండగా.

ఒకరోజు అన్నం తింటూ బాబాయి నెమ్మదిగా అన్నాడు. “మీ అన్న చెప్పిందే నయమేమోనే. ఈ బల్ల తీసేసి ఆయన సరుకు పెట్టుకుందాం.”

 పిన్ని వాళ్ళ అన్నయ్య ప్లాస్టిక్‌ అద్దాలు అమ్ముతాడు. పడినా పగలవు, చూస్తే మొహం సొరకాయలా కనబడుతుంది. ఆ అన్నయ్య పేరెత్తితేనే బాబాయి అగ్గి మీద గుగ్గిలమయ్యే మనిషి. అలాంటిది కూర కలుపుకున్నంత తేలిగ్గా ఆ మాట అనేశాడంటే, వ్యవహారం చెయ్యి దాటిపోతోందని ఆవిడకి అర్థమైపోయింది. రెక్క పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరు చెయ్యి చూశాడు, గుండె విన్నాడు, రక్తం పరీక్ష చేయించాడు. అన్నీ బాగానే ఉన్నాయి. “ఇది ఆదుర్దా అండీ. ఒళ్ళు బాగుంది కదా అని కొట్టిపారేసేది కాదు, భయపడేదీ కాదు. కాఫీ తగ్గించండి, నడవండి, వేళకి పడుకోండి. ఊపిరి మెల్లగా, పొడుగ్గా వదలడం అలవాటు చేసుకోండి. పీల్చడం ఎవరైనా పీలుస్తారు, వదలడమే ముఖ్యం. తగ్గకపోతే మళ్ళీ రండి, మందులున్నాయి, కూర్చోబెట్టి మాట్లాడి నయం చేసేవాళ్ళున్నారు. ఎవరో చెప్పారని పొడులూ బిళ్ళలూ మాత్రం నాతో చెప్పకుండా మింగొద్దు,” అన్నాడు.

డాక్టరు చెప్పింది నాలుగు మాటలు. చుట్టాలు ఊరుకుంటారా? చెప్పేవాడికి వినేవాడు లోకువ, అందులోనూ తిరిగి తిట్టని బాబాయి దొరికితే ఇంక అడగాలా!

ముందు పిన్ని చెల్లెలు వచ్చింది. బ్యూటీ పార్లర్‌లో పని చేస్తుంది, ఒంటి నిండా ఏదో ఒక పూల వాసన. “బావగారూ, ఇది లావెండర్‌ నూనె. దీని వాసన పీలిస్తే మనసు ఎంత తేలికవుతుందో తెలుసా? చిన్న గిన్నెలో పోసి బల్ల మీద పెట్టుకోండి,” అని తనే పోసి, కిరసనాయిలు డబ్బా పక్కన పెట్టి వెళ్ళింది. నూనె డబ్బా కనబడితే అద్దాలు కోసేవాడి చెయ్యి ఏం చేస్తుంది? కటరు ముంచుతుంది. బాబాయి చూసుకోకుండా వారం పాటు లావెండర్‌లో ముంచి కోశాడు. “ఏమిటి పిన్నీ, మా బాత్‌రూం కిటికీ పూలతోటలా ఘుమఘుమలాడుతోంది?” అని జనం అడగడం మొదలుపెట్టాక బయటపడింది. చెల్లెలు లబోదిబోమంది. “నీ నూనె మంచిదేనే తల్లీ. కటరుకి బాగా పనిచేసింది, చూడు, ఎంత ప్రశాంతంగా ఉందో,” అంది పిన్ని.

తర్వాత చేమంతి పూల టీ. పడుకోబోయే ముందు ఒక కప్పు అని పొట్లం మీద రాసి ఉంది. మంచిదైతే ఒక్క కప్పేమిటని బాబాయి పొద్దుణ్ణుంచీ తాగాడు. కొలత తీస్తూ తీస్తూ, టేపు ఒక కొస వచ్చినవాడి చేతిలో పెట్టి, “ఇప్పుడే వస్తా” అని పెరట్లోకి పరుగెత్తేవాడు. ఆ మనిషి టేపు పట్టుకుని దిక్కులు చూస్తూ నిలబడేవాడు. అయితే న్యాయంగా చెప్పుకోవాలి, రాత్రి కప్పు వరకూ సరిపెట్టాక నిద్ర కాస్త పట్టింది. నడక కూడా మంచే చేసింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ పొద్దున్నే వీధి చివరిదాకా వెళ్ళొచ్చేవాళ్ళు. మొహంలో రక్తం వచ్చింది, ఆకలి వచ్చింది. కానీ దారి పొడుగునా బుద్ధిగా ఊగిన ఆ చెయ్యి, బల్ల దగ్గరికి రాగానే మళ్ళీ మొదటికొచ్చేది.

ఆఖర్న అల్లుడు వచ్చాడు, ఫోనుతో. “మామయ్యగారూ, ఇందులో ఒకావిడ ఊపిరి ఎలా తీసుకోవాలో చెబుతుంది. ఆవిడ చెప్పినట్టు చేస్తే చాలు.” ఫోను బల్ల మీద పెట్టాడు. “పీల్చండి...” అంది తేనెలాంటి గొంతు. బాబాయి పీల్చి, కటరు ఆనించి లాగడం మొదలుపెట్టాడు. “ఆపండి...” అంది. బాబాయి ఊపిరితో పాటు చెయ్యి కూడా ఆపేశాడు. గాజు కోసేవాడు గీత మధ్యలో ఆగడం, ఆగినచోటే మళ్ళీ అదే గీత మీద కటరు నడపడం, ఈ రెండూ ఆ వృత్తిలో పసివాడు కూడా చెయ్యడు. బాబాయి రెండూ చేశాడు. పలక నొక్కితే ఏదో దేశం మ్యాపులా విరిగింది.

“ఊపిరి ఆపమంది గానీ చెయ్యి ఆపమనలేదు కదండీ!” అన్నాడు అల్లుడు.

“అవునయ్యా, నాదే పొరపాటు,” అన్నాడు బాబాయి.

అల్లుడు బిత్తరపోయాడు. పాత బాబాయి అయితే ఆ ఫోనుని, అందులో ఆవిణ్ణి, తెచ్చినవాణ్ణి, పిల్లనిచ్చిన తన తెలివితక్కువతనాన్ని కలిపి దులిపి ఆరేసేవాడు. “అత్తయ్యగారూ, మామయ్యగారికి నిజంగానే బాగాలేదండీ,” అని గోడ వెనక్కి వచ్చి గుసగుసగా చెప్పి వెళ్ళాడు పాపం.

మరి పిన్ని ఎలా ఉంది? చెప్పడానికి కాస్త మొహమాటంగా ఉంది గానీ, హాయిగా ఉంది. మొగుడి మీద బెంగ లేదని కాదు. బెంగ ఉంది. దాని పక్కనే ఈ హాయి కూడా కూర్చుంది. కొట్లో చప్పుడు లేదు, కడుపులో చల్ల కదలకుండా మేకులు కొట్టుకుంటోంది. జీవితంలో మొదటిసారి ఆ నాటకం ప్రతి భాగమూ మొదటి నుంచి చివరిదాకా వింటోంది. కథానాయిక రహస్యం ఏమిటో కూడా తెలిసిపోయింది. తీరా చూస్తే అందులో పస లేదు, పక్కింటివాళ్ళ పిల్లాడికి మేనత్త వరస. అయినా పూర్తిగా వినడంలో ఉన్న సుఖం వేరు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం ఎవడో స్కూటరు తెచ్చి సరిగ్గా కొట్టు గుమ్మానికి అడ్డంగా పెట్టి పోయాడు. బాబాయి ఫొటోలకి చిన్న గాజులు కోస్తున్నాడు. రేడియోలో ప్రకటనలు వస్తున్నాయి. గోడ అవతల నుంచి సన్నగా ఒక గొణుగుడు వినబడింది.

“వీధంతా ఖాళీ, వీడికి మా గుమ్మమే దొరికింది. ఇప్పుడు పెద్ద పలక వస్తే నేను ఎగిరి అవతల పడాలా, లేకపోతే వీడి సీటు మీద కూర్చోబెట్టి ఊరేగించాలా...”

దాంతో పాటే జుర్రుమని కొత్తగుడ్డ చింపినట్టు చప్పుడు. తర్వాత టక్‌.

పిన్ని సుత్తి గాల్లోనే ఆగిపోయింది. ఆ టక్‌ విని ఎన్నాళ్ళైంది! మళ్ళీ గొణుగుడు, మళ్ళీ జుర్రు, మళ్ళీ టక్‌. ఆవిడ గోడ సందులోంచి చూసింది. బాబాయి చెయ్యి రాయిలా నిలకడగా ఉంది. ఇంతలో ఆయనకి తన గొణుగుడు తనకే వినబడింది కాబోలు, ఉలిక్కిపడి నాలిక కరుచుకున్నాడు. పెదాలు బిగించాడు. తర్వాతి గాజు చిర్రుమంది.

పిన్నికి చదువు పెద్దగా లేదు, కానీ ఆ మనిషిని చదివినన్నాళ్ళు ఇంకే పుస్తకాన్నీ చదవలేదు. డాక్టరు మాట గుర్తొచ్చింది: వదలడమే ముఖ్యం. ఊపిరి బిగబట్టి ఎవడైనా తిట్టగలడా? అనుమానం తీర్చుకోడానికి తనే ఊపిరి బిగబట్టి ఎదురుగా ఉన్న వంకర మేకుని తిట్టబోయింది. బుగ్గలు ఉబ్బాయి, కళ్ళు తిరిగాయి, మాట రాలేదు. ఓహో, అదీ సంగతి! ఇన్నేళ్ళూ ఆ సణుగుడే ఆయనకి లావెండరూ, చేమంతి టీ, ఫోనులో ఆవిడా. ఏ దినుసూ కొనకుండా ఇంట్లోనే తయారయ్యే మందు. దాన్ని తనంతట తనే మానేసి, మందు వేసుకోనందుకు వణుకుతున్నాడు.

వెంటనే వెళ్ళి చెప్పాలి. లేచింది. సరిగ్గా అప్పుడే నాటకం మొదలైంది. మళ్ళీ కూర్చుంది.

రేపు చెబుదాంలే అనుకుంది. రేపు వచ్చింది, ఎల్లుండి కూడా వచ్చింది. పొద్దున లేవగానే ఆ నిశ్శబ్దం చల్లగా ఒంటికి తగిలేది, ఇంకొక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు అనిపించేది. బాబాయి చేతిని చూస్తే మాత్రం సిగ్గేసేది. పెంకుల డబ్బా ఎత్తి పారబోసేటప్పుడు మరీ సిగ్గేసేది. ఎంత స్వార్థం నాది అని తనని తనే తిట్టుకునేది, కానీ లోపలే, చప్పుడు కాకుండా.

ఆ వారం గడిచేలోపు టీచరమ్మ మళ్ళీ వచ్చింది.

బాబాయి దాక్కునే లోపే గుమ్మంలోకి వచ్చేసింది. చేతిలో అదే దుప్పటి, చిన్న మూట. విప్పింది. పగిలిన అద్దంలో మిగిలిన పెద్ద ముక్క, చుట్టూ రంపపు పళ్ళలాంటి అంచులు.

“ఇందులో రెండు చేతి అద్దాలు వస్తాయేమో చూడండి. మనవరాళ్ళిద్దరికీ చెరొకటి ఇద్దామని. మీరే కోయాలి.”

“నా వల్ల కాదమ్మా,” అన్నాడు బాబాయి. “ఇంకెవరి దగ్గరికైనా తీసుకెళ్ళండి. ఇదీ పోతే ఇంక మీకు మిగిలేది పెంకులే.”

“తెలుసండీ. అయినా మీరే కోయాలి,” అని టీచరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. పిల్లలు లెక్క చేసేదాకా కదలని పాత అలవాటు అనుకుంటా.

బాబాయి ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి గోడవైపు తిరిగి, పిన్నికి వినబడేలా అన్నాడు. “ఏమే, ఇది కోసి చూస్తాను. పోయిందో, సాయంత్రానికి ఈ బల్ల ఎత్తేద్దాం. మీ అన్నకి కబురు పెట్టు.”

రేడియోలో అప్పుడే నాటకం మొదలైంది. చివరి భాగం. వారం నుంచి ఊరిస్తున్నారు, అన్ని ముళ్ళూ ఇవ్వాళే విప్పుతామని. పిన్ని సందులోంచి చూసింది. బాబాయి కటరు ముంచాడు. స్కేలు ఆనించాడు. ఊపిరి బిగబట్టాడు. నుదుటి మీంచి చెమట చుక్క జారి కంబళి మీద పడింది. చెయ్యి ఆకులా ఊగుతోంది.

ఇంక ఆవిడ ఆగలేకపోయింది. పోయేది అద్దం ఒక్కటే కాదు, అద్దాల బాబాయే పోతాడు. సుత్తి పక్కన పడేసి గోడ ఇవతలికి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, బతుకులో ఎన్నడూ అనని మాట అనేసింది.

“కబురెందుకండీ, అన్నయ్య రేపే వస్తున్నాడు. నెల్లాళ్ళు మనింట్లోనే ఉంటాడట. అయినా వాడన్న దాంట్లో తప్పేముంది? గాజుకంటే ప్లాస్టికే మేలు!”

బాబాయి తలెత్తాడు. మొహం ఎర్రబడింది. మెడ నరం లేచింది. టీచరమ్మ స్టూలు రెండంగుళాలు వెనక్కి జరుపుకుంది.

“ఎవడు? మీ అన్నా? నెల్లాళ్ళా?” ఆగిన కుళాయి ఒక్కసారి భళ్ళుమంది. “వాడికి అద్దమంటే ఏమిటో తెలుసునా అసలు? ఆ ప్లాస్టిక్‌లో మొహం చూసుకుని చూసుకుని నిజంగానే సొరకాయ మొహం వచ్చింది వాడికి...” జుర్రు. టక్‌. ఒక పక్క రంపపు పళ్ళు ఊడి కంబళి మీద పడ్డాయి. “పోయినసారి వచ్చి నా కుర్చీలో కూర్చుని, నా అన్నం తిని, నా పలక గోళ్ళతో తట్టి, ఇది పడితే పగులుతుంది బావా అంటాడా! పగలక? గాజు పగులుతుంది, అందుకే మనుషులు దాన్ని జాగ్రత్తగా చూస్తారు...” జుర్రు. టక్‌. “పగలనిదాన్ని ఎవడు చూసుకుంటాడు, మూల పడేస్తాడు...” జుర్రు. టక్‌. నాలుగో పక్కకి బావమరిది గురకలు సరిపోయాయి. ముక్క నలుచదరంగా, నున్నగా తేలింది.

ఇంక మధ్య కోత ఒక్కటే మిగిలింది. అది తప్పితే రెండూ పోతాయి. బాబాయి స్కేలు మధ్యకి జరిపాడు. అంతలో ఆయన కళ్ళకి చేస్తున్న పనేమిటో కనబడింది. బావమరిది మీద తిట్ల సరుకు కూడా అయిపోవచ్చింది. మాట తగ్గింది. పెదాలు మెల్లగా దగ్గరపడుతున్నాయి. పిన్ని చూసింది. అన్నయ్య అయిపోయాడు, ప్లాస్టిక్‌ అయిపోయింది. ఇంకేముంది ఇవ్వడానికి?

“అంతేనా? అందరినీ తిట్టారు, నన్నేమీ అనరా?” అంది.

“నిన్నా?” బాబాయి ఆవిడ వైపు చూడలేదు, గాజునే చూస్తున్నాడు. గొంతులో ఈసారి అరుపు లేదు. “నిన్నేమనాలే? నెలల తరబడి నేను నోరు మూసుకుని కూర్చుంటే, ఏమండీ, ఏదైనా అనండి అని ఒక్కసారి అడిగావా? గోడ అవతల రేడియో పెట్టుకుని కూర్చున్నావు. ఆ నాటకంలో పిల్ల ఏడిస్తే ముక్కు చీదుకున్నావు, వినలేదనుకున్నావా, ఇవతల నేను రోజూ చస్తూ బతుకుతుంటే ఒక్కసారి తొంగి చూసి, సణగవయ్యా మగడా అనలేకపోయావు, నా సణుగుడు నీకు అంత బరువైపోయిందా...”

పొడుగ్గా, ఎక్కడా తెగకుండా, జుర్రుమని గీత ఈ అంచు నుంచి ఆ అంచుకి వెళ్ళింది. బల్ల అంచుకి జరిపాడు. నొక్కాడు.

టక్‌.

రెండు అద్దాలు. రెండింటిలోనూ పైన తిరుగుతున్న ఫ్యాను చెరిసగం కనబడుతోంది.

గోడ వెనక రేడియోలో ఎవరో ఎవరినో క్షమించేస్తున్నారు. టీచరమ్మ లేచి వచ్చి ఒక అద్దం చేతిలోకి తీసుకుంది. అందులో తన మొహం చూసుకుంది.

“ఆ రోజు మీరు తిడుతుంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది,” అంది. “తడిగోడకి తగిలించొద్దే అని ఆవిడా నెత్తీ నోరూ కొట్టుకునేది. ఆవిడ పోయాక దాని గురించి నన్ను తిట్టినవాళ్ళే లేరు. అందుకే మళ్ళీ మీ దగ్గరికి తెచ్చాను.”

బాబాయి కటరుని గుడ్డతో అవసరం లేనంతసేపు తుడిచాడు.

టీచరమ్మ వెళ్ళాక పిన్ని అక్కడే నిలబడి ఉంది. కళ్ళ నిండా నీళ్ళు. “మీరన్నది నిజమేనండీ,” అంది. “ఆ స్కూటరు రోజే నాకు తెలిసింది, సణిగితేనే మీ చెయ్యి నిలబడుతుందని. తెలిసి కూడా చెప్పలేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉందని, హాయిగా ఉందని ఊరుకున్నాను.”

బాబాయి ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. “అంత హాయిగా ఉందా?”

“ఉంది,” అంది పిన్ని, ముక్కు తుడుచుకుంటూ. “అబద్ధమెందుకు, చాలా హాయిగా ఉంది.”

ఆయన కాస్త ఆలోచించాడు. “సరే అయితే. బల్ల దగ్గర నేను సణగక తప్పదు. ఇంటికొచ్చాక మాత్రం నోరెత్తను. ఇది నా మాట.” మళ్ళీ అనుమానం వచ్చింది. “మీ అన్న నిజంగా వస్తున్నాడా?”

“రావట్లేదు.”

“హమ్మయ్య,” అన్నాడు. “చివరి భాగం కూడా పోయింది నీ గోలలో. ఆ మేనత్త పిల్లాణ్ణి తీసుకెళ్ళిందా లేదా?”

పిన్ని నోరు వెళ్ళబెట్టింది. గోడ ఇవతల ఆయన కూడా రోజూ వింటున్నాడన్నమాట.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర బాబాయి మాట మీద నిలబడ్డాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆగింది. కళ్ళు పెద్దవయ్యాయి. పిన్ని వైపు చూశాడు, కంచం వైపు చూశాడు, మింగాడు. రెండో ముద్దకి మొహం అదోలా పెట్టి, మంచినీళ్ళు తాగాడు. పెదాలు కదిలాయి, మళ్ళీ మూసుకున్నాయి. మాటిచ్చిన మనిషి కదా.

“అనండి,” అంది పిన్ని.

“ఏమీ లేదు.”

“అనండీ, పరవాలేదు.”

“ఉప్పు...” అని మొదలుపెట్టాడు బాబాయి. కూరలో ఉప్పు లేకపోవడం నుంచి కిర్రుమనే తలుపు దాకా, తలుపు నుంచి చెప్పుల దుమ్ము దాకా, చెయ్యి కడుక్కుని వచ్చాక కూడా ఆపలేదు. పిన్ని ఒక్క మాట పోనివ్వకుండా వింటూ కూర్చుంది. ఉప్పు డబ్బా ఆవిడ ఒళ్ళోనే ఉంది.